‘డ్రాప్’ పడేదాకా

డబ్‌స్టెప్, ఎలెక్ట్రో హౌస్ అనే యంత్ర సంగీతాలను తిట్టేవాళ్ళంతా ఒకే మాట అంటారు: అన్నీ ఒకే అచ్చులో పోసినవని. నిజమే. కాని ఉత్పలమాలలూ అంతే కదండీ! పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. దానివల్ల పద్యానికేమీ లోటు రాలేదు. అంచేత అచ్చు వున్నదా అని కాదు, అది యెవరి అవసరానికి పుట్టిందో చూడాలి.

ఎలెక్ట్రో హౌస్‌లో నిమిషానికి సుమారు 128 దరువులు. ప్రతి దరువుకీ పెద్ద డ్రమ్ము మోగుతుంది. నాలుగు దరువులు ఒక బార్. ఎనిమిదేసి, పదహారేసి బార్లకు పాట మలుపు తిరుగుతుంది. పదహారు బార్లంటే సరిగ్గా అరనిమిషం. ఎందుకీ లెక్క? ఒక పాట తోక మీద మరో పాట తల అతికించి, నాట్యం ఆగకుండా చూడటం డీజే పని. పేకముక్కలన్నీ ఒకే కొలతలో లేకపోతే కలపడమెలా? డ్రమ్ము మోగినప్పుడల్లా తక్కిన ధ్వనులు కాస్త అణగి, మళ్ళీ లేస్తాయి. పాట ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది. ఆ సుఖాన్ని కాదనలేను.

మరో మేలు కూడా వున్నది. గురువు దొరకనివాడికి ఆ అచ్చే గురువు. మా విద్యార్థి ఒకడు హాస్టలు గదిలో, పాత కంప్యూటరు మీద, నాలుగు నెలల్లో వినదగిన పాట కట్టాడు. సంతోషించాను. తరవాత అయిదో పాట వినిపించాడు. మొదటిదానికీ దానికీ పేరే తేడా!

డబ్‌స్టెప్ కథ వేరు. 2000 తరవాతి తొలి యేళ్ళలో దక్షిణ లండన్‌లోని క్రాయిడన్ ప్రాంతంలో పుట్టింది. వేగం 140 అయినా, స్నేర్ డ్రమ్ము మూడో దరువు మీదే పడటంవల్ల సగం వేగమే అనిపిస్తుంది. మధ్యనంతా ఖాళీ. ఆ ఖాళీలో, చెవికంటె ముందు గుండెకు తగిలే మంద్రధ్వని. 2010లో అమెరికావాడు స్క్రిల్లెక్స్ ఆ ఖాళీని గర్జనలతో నింపాడు. 2012లో మూడు గ్రామీలు అందుకున్నాడు. అతనిలో కొత్తదనం వున్నదనే అంటాను. వెనకవాళ్ళకు మిగిలింది వంటకాల చీటీ: డ్రమ్ము రెట్టింపు, మళ్ళీ రెట్టింపు, పైకి పాకే కూత, క్షణం నిశ్శబ్దం, ఆపైన ధడాలున ‘డ్రాప్’. 2014 నాటికి అమెరికా టెలివిజన్‌లో ‘సాటర్డే నైట్ లైవ్’ వాళ్ళు దీన్ని హాస్య నాటికగా ఆడేశారు.

పద్యంలో యతి ఎక్కడో తెలుసు. అక్కడికి యే మాట వస్తుందో తెలియదు. ఇక్కడ రెండూ తెలుసు! ఇంకా అన్యాయమేమిటంటే, డ్రాప్‌కు ముందున్న సంగీతమంతా రైలు కోసం కాచుకునే ప్లాట్‌ఫారమైపోయింది. అక్కడ మంచి రాగచ్ఛాయ ఒకటి తళుక్కుమన్నా పట్టించుకునేదెవరు? ఇక సెల్‌ఫోను బుల్లి స్పీకరులో వింటే మంద్రం ఎగిరిపోయి, రంపపు కోత మిగులుతుంది.

అదే లండన్ మట్టిలోంచి 2007లో బరియల్ అనే ఆయన ‘అన్‌ట్రూ’ వచ్చింది. దరువులు గీత గీసినట్టు పడవు, కాస్త తడబడతాయి. వెనక వాన చప్పుడు, ముక్కలైన గొంతులు. మా కుర్రవాడికి అది ఇచ్చి పంపాను. వారం తరవాత వచ్చి, “డ్రాప్ యెక్కడుంది మాస్టారూ?” అన్నాడు. మళ్ళీ వినమన్నాను.