కొత్త కోచ్ పక్కన ఎవరు?

ధర్మాబాద్ మిర్చి మార్కెట్లో తండ్రి అడ్తి దుకాణం కొత్తగా చేతికొచ్చిన కొడుకు తెలివైనవాడైతే పాత మునీమును పంపించేయడు. ఏ బస్తా అడుగున తేమ దాగుందో, ఏ రైతు మాట మీద నిలబడతాడో చిట్టా పుస్తకం చెప్పదు, ఆయన చెబుతాడు. అయితే ఆ మునీము చిన్న సేటు ఏమన్నా తలూపే రకమైతే ఉన్నా లేనట్టే. తొలిసారి ప్రధాన కోచ్ అయినవాడి చిక్కు కూడా సరిగ్గా ఇదే.

గౌతమ్ గంభీర్ 2024 జులైలో భారత క్రికెట్ జట్టు పగ్గాలు అందుకునేనాటికి ఐపీఎల్‌లో మెంటార్‌గా పనిచేశాడే తప్ప ఎక్కడా ప్రధాన కోచ్ కాదు. సహాయకులుగా అభిషేక్ నాయర్‌ను, ర్యాన్ టెన్ డష్కాటేను తెచ్చుకున్నాడు. ఆ ఏడాది ఐపీఎల్ గెలిచిన కోల్‌కతా బృందంలో ఇద్దరూ అతనితో ఉన్నవాళ్లే. అంతకుముందటి ప్రధాన కోచ్ ద్రావిడ్ కాలపు కోచ్‌లలో మిగిలింది ఫీల్డింగ్ చూసే హైదరాబాదీ టి.దిలీప్ ఒక్కడే.

బ్యాటింగ్ కోచ్ అన్న పేరుతో మాత్రం ఎవరూ లేరు. తానే ఓపెనర్ కదా, అవసరం అనిపించలేదేమో! అక్టోబరులో బెంగళూరులో న్యూజిలాండ్ మీద జట్టు 46 పరుగులకే కుప్పకూలింది. ఆ సిరీస్ 0-3తో, తర్వాత ఆస్ట్రేలియాలో మరో సిరీస్ 1-3తో చేజారాయి. అప్పుడు, 2025 జనవరిలో, సౌరాష్ట్రకూ భారత్-ఎ జట్టుకూ కోచ్‌గా పనిచేసిన సితాంశు కోటక్‌ను పిలిచారు. ఏప్రిల్‌కల్లా నాయర్ బయటికి వెళ్లాడు. సీనియర్ బ్యాటర్లు పరుగులు చేయకపోతే సహాయకుడేం చేస్తాడన్నదీ నిజమే. పైగా కోటక్ రాకకూ నాయర్ పోకకూ మధ్య, మార్చిలో, జట్టు ఛాంపియన్స్ ట్రోఫీ గెలిచింది.

తనవాళ్లను తెచ్చుకోవడమే తప్పా? 2017లో రవిశాస్త్రి మొదటిసారి ప్రధాన కోచ్ అయినప్పుడు క్రికెట్ బోర్డు సలహా కమిటీ బౌలర్ల కోసం జహీర్ ఖాన్ పేరు ప్రకటించింది. శాస్త్రి పట్టుబట్టి పాత మిత్రుడు భరత్ అరుణ్‌నే రప్పించుకున్నాడు. బంధుప్రీతి అన్నవాళ్లు లేకపోలేదు. కానీ 2012లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టుకు కోచ్ ఆ అరుణే. ఫీల్డింగ్ బాధ్యత హైదరాబాద్ తరఫున రంజీ ఆడిన ఎడమచేతి స్పిన్నర్ ఆర్.శ్రీధర్‌ది. ఆస్ట్రేలియా గడ్డ మీద భారత్ తొలి టెస్టు సిరీస్ విజయం, 2018-19లో, ఈ ముగ్గురూ ఉండగానే దక్కింది.

మన ఫుట్‌బాల్‌లోనూ ఒక ఉదాహరణ ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2020లో వచ్చిన స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ అనుభవజ్ఞుడే, భారత్ మాత్రం అతనికి కొత్త. షిల్లాంగ్ లజాంగ్‌ను నడిపిన థాంగ్‌బోయ్ సింగ్టో పక్కన నిలిచాడు. 2022 మార్చిలో ఐఎస్ఎల్ టైటిల్ వచ్చింది. మార్కెజ్ వెళ్లిపోయాక 2023-24 సీజన్‌లో అదే సింగ్టో జట్టును చేపట్టాడు. జీతాల బకాయిలతో విదేశీ ఆటగాళ్లు చాలామంది ఖాళీ చేశారు. సీజన్ మొత్తంలో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలుపు!

ఇక అమెరికా కాలేజీ ఫుట్‌బాల్, అంటే హెల్మెట్లు పెట్టుకుని ఆడేది. 2021 డిసెంబరులో నోట్రడేమ్ విశ్వవిద్యాలయం 35 ఏళ్ల మార్కస్ ఫ్రీమన్‌ను ప్రధాన కోచ్‌ను చేసింది. అంతకుముందు అతను అక్కడే డిఫెన్స్ కోచ్. తనకు బాగా వచ్చిన ఆ పనినే అతను తనకన్నా పెద్దవాడైన అల్ గోల్డెన్ చేతిలో పెట్టాడు. గోల్డెన్ అప్పటికే టెంపుల్, మయామీ విశ్వవిద్యాలయాల్లో ప్రధాన కోచ్‌గా పనిచేసి, గెలుపోటములు రెండూ చవిచూసినవాడు. అయినా 2022లో సొంత మైదానంలో మార్షల్ లాంటి చిన్న జట్టు చేతిలో ఓటమి తప్పలేదు. కానీ 2025 జనవరిలో ఫ్రీమన్ జట్టు జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. ఆ వెంటనే గోల్డెన్ ప్రొఫెషనల్ లీగ్‌కు వెళ్లిపోయాడు. అప్పటికి ఫ్రీమన్ కొత్తవాడేమీ కాదు. అయినా గోల్డెన్ కుర్చీకి పిలిచింది రట్గర్స్‌లో ఒకప్పుడు ప్రధాన కోచ్‌గా పనిచేసిన క్రిస్ యాష్‌ను.