పేలిన తూటాకి మళ్లీ ప్రాణం

టపాకాయ ఒకసారి పేలిందంటే అంతే సంగతులు. తూటా కూడా అంతేననుకుంటాం. అమెరికాలో తుపాకీ గురి సరదా ఉన్న చాలామంది మాత్రం అలా అనుకోరు. కాల్చాక కిందపడిన ఇత్తడి గొట్టాలను ఏరి ఇంటికి తెచ్చుకుంటారు. శుభ్రంచేసి, కొలత సరిచేసి, కొత్త ప్రైమరూ మందూ బులెట్టూ అమర్చుతారు. తూటా మళ్లీ సిద్ధం! ఈ పనినే 'రీలోడింగ్' అంటారు.

కొట్లో దొరికేదానికి ఇంత శ్రమెందుకూ అంటే... మొదటి కారణం డబ్బే. తూటాలో ఖరీదైన భాగం సాధారణంగా ఆ ఇత్తడి గొట్టమే. జాగ్రత్తగా వాడితే అది చాలాసార్లు పనికొస్తుంది.

రెండోది కొరత. రెండో ప్రపంచయుద్ధం జోరుగా సాగుతున్న 1943లో వేటగాళ్లకు బులెట్లు దొరకలేదు. కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్‌టన్ అనే యువకుడు, తండ్రి లాండ్రీ వెనకగదిలో బులెట్లు తయారుచేసే అచ్చులు రూపొందించాడు. రీలోడింగ్ పరికరాలకు పేరుమోసిన ఆర్‌సీబీఎస్ కంపెనీ అలా పుట్టిందే. 2020లో కరోనా సమయంలోనూ అక్కడి దుకాణాల్లో తూటాలు ఖాళీ అయ్యాయి. సరుకు ముందే కొనిపెట్టుకున్న రీలోడర్లకు ఆ బెంగ లేకపోయింది. తాతల నాటి తుపాకులున్నవాళ్లదీ ఇదే బాధ. వాటికి సరిపడే తూటాలను కంపెనీలు ఏనాడో మానేసి ఉంటాయి. సొంతంగా చేసుకుంటే తప్ప ఆ తుపాకీ గోడకి అలంకారమే.

అసలు కారణం మాత్రం గురి. ఫ్యాక్టరీ తూటా రెడీమేడ్ చొక్కాలాంటిది. సొంతంగా చేసుకున్నది కొలతలిచ్చి కుట్టించుకున్నట్టు. ఒకే మోడల్ తుపాకులు రెండున్నా, ఒకదానికి నప్పిన తూటా రెండోదానికి నప్పకపోవచ్చు. బెంచ్‌రెస్ట్ పోటీల్లోనైతే 100 గజాల దూరం నుంచి కాల్చిన ఐదు గుళ్లూ దాదాపు ఒకే రంధ్రంలో పడాలి. అందుకే మందును 'గ్రెయిన్'లలో తూస్తారు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు... గురివింద గింజ బరువులో దాదాపు సగం!

ఇది ఏమరుపాటుగా చేసే పని కాదు. పొరపాటున ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పోస్తే చేతిలోని తుపాకీయే పేలిపోవచ్చు. అందుకే అనుభవజ్ఞులు ఆ బల్ల దగ్గర టీవీ పెట్టరు, కబుర్లాడరు. మనదేశంలోనైతే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.

ఇంతకీ డబ్బు మిగులుతుందా? ఒక్కో తూటా చవకైన మాట నిజమే. కానీ చవకైంది కదా అని ఇంకో వంద కాలుస్తారు. నెలాఖరుకి జేబు మామూలే!