గుమ్మం ముందు చెత్త పోస్తే ఊరు బాగుపడదు

2025 అక్టోబరు నెలాఖరులో బెంగళూరు ఘన వ్యర్థాల నిర్వహణ సంస్థ ఒక పండుగ చేసింది. రోడ్డు మీద చెత్త సంచి పారేసినవాళ్లను మార్షళ్లు వీడియో తీశారు. వాళ్ల ఇల్లెక్కడో కనుక్కున్నారు. చెత్త బండి తెచ్చి ఆ గుమ్మం ముందే కుమ్మరించి జరిమానా రాశారు. దానికి 'కస సురియువ హబ్బ' అని పేరు కూడా పెట్టారు, అంటే చెత్త పోసే పండుగ. టీవీలు రోజంతా చూపించాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో చప్పట్ల వాన కురిసింది. మన తెలుగువాళ్ల గ్రూపులేం తక్కువ తినలేదు: "ఈ జనానికి ఇదే మందు", "హైదరాబాద్‌లో ఎప్పుడు మొదలెడతారు?", "సింగపూర్ ఊరికే అలా అయ్యిందా?"

ఈ చప్పట్ల వెనక ఒక నమ్మకం ఉంది. మనుషులకు భయం లేకే నగరం పాడైందట; నాలుగు తగిలిస్తే ఇళ్లూ ఆవరణలూ ఖాళీ సైట్లూ వాటంతటవే దారికొస్తాయట. వినడానికి బాగుంటుంది. బెంగళూరు గత పదిహేనేళ్ల చరిత్ర మాత్రం దీనికి పూర్తి విరుద్ధంగా సాక్ష్యం చెబుతోంది.

ముందు ఆ పండుగ సంగతే చూద్దాం. ఇంటి ముందుకు ఆటో టిప్పర్ వచ్చినా సంచి ఇవ్వకుండా, స్కూటర్ మీద వెళ్తూ మలుపులో విసిరేసేవాడిని వెనకేసుకురావలసిన పని నాకు లేదు. వాడికి జరిమానా వేయాల్సిందే. 2016 ఘన వ్యర్థాల నియమాలు అక్కడికక్కడే జరిమానా వేసే వీలు కల్పించాయి. కానీ చెత్త తీసుకెళ్లి ఇంటి ముందు పోయడమనే శిక్ష ఆ నియమాల్లో ఎక్కడుంది? సంచి విసిరింది పై అంతస్తు కుర్రాడైతే, వాసన భరించేది కింద వాటాలో ఉన్న ముసలి దంపతులు. మరి పోసిన చెత్తను మళ్లీ ఎత్తిందెవరు? పొద్దున ఐదింటికి చీపురు పట్టుకునే పౌరకార్మికులే. ఒకే చెత్తను వాళ్లచేత రెండుసార్లు ఎత్తించడం ఏ రకం నిర్వహణో చప్పట్లు కొట్టినవాళ్లు చెప్పాలి.

అసలు ఈ నగరంలో నిబంధనలకు కరవెక్కడిది? తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం 2012 అక్టోబరు నుంచే తప్పనిసరి. 2015 డిసెంబరులో హైకోర్టు రెండు బుట్టలు, ఒక సంచి అని లెక్కగా చెప్పింది. కరోనా కాలంలో ఇదే మార్షళ్లు మాస్కు లేనివాళ్ల వెంటపడ్డారు. 2020లో ఆ జరిమానాను ఒక్కసారిగా 1,000 రూపాయలు చేసి, జనం తిరగబడితే వారం తిరిగేసరికి 250కి దించారు. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు తాగేనీటితో కారు కడిగినా మొక్కలకు పోసినా 5,000 రూపాయలన్నారు. కొద్ది రోజులకు పత్రికల్లో గొప్పగా వచ్చిన లెక్క: 22 ఇళ్లు, లక్షా పదివేలు. కోటికి పైగా జనం ఉన్న నగరంలో కారు కడిగినవి ఆ 22 ఇళ్లేనని నమ్మేవాళ్లుంటే నమ్మొచ్చు.

అదే ఏడాది డెంగీ విజృంభించింది. కర్ణాటక ప్రభుత్వం అంటువ్యాధుల నియమాలను సవరించి, దోమలు పెరిగేలా ఆవరణ వదిలేసినవాళ్లకు రేట్లు కట్టింది. పట్టణాల్లో ఇంటికి 400, వ్యాపార సంస్థకు 1,000, పాడుబెట్టిన ఖాళీ స్థలానికీ కడుతున్న భవనానికీ 2,000 రూపాయలు. ఖాళీ సైటు ఇంటికంటే ఐదింతలు ప్రమాదమని ప్రభుత్వానికి తెలుసన్నమాట. కానీ కోటి రూపాయల సైటు కొని ఏ అమెరికాలోనో కూర్చున్న యజమానికి 2,000 ఒక లెక్కా? జేసీబీ పిలిపించి, పిచ్చిచెట్లు పీకించి, ట్రాక్టర్‌లో మట్టీ చెత్తా తరలించడానికి అయ్యే కూలి కంటే ఆ జరిమానా చవక. తెలివైనవాడు ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పాలా? పక్కింటి పిల్లకు జ్వరం వస్తే ఆస్పత్రి బిల్లు కట్టేది మాత్రం ఆయన కాదు.

జరిమానా ఇలా పని చేయకుండా పోవడానికి బెంగళూరులో ఇంతకంటే మంచి ఉదాహరణ వాననీటిది. 2009లో నీటి బోర్డు చట్టాన్ని సవరించి, 60×40 సైటులో ఉన్న పాత ఇళ్లకూ, 30×40లో కట్టే కొత్త ఇళ్లకూ వాననీటి నిల్వ ఏర్పాటు తప్పనిసరి చేశారు. మంచి చట్టం. వసూలు కూడా ఖాయం, ఎందుకంటే జరిమానా నేరుగా నీటి బిల్లులోనే కలిసి వస్తుంది: ఇళ్లకు మొదటి మూడు నెలలు 25 శాతం, ఆ తర్వాత 50 శాతం. లంచం ఇచ్చి తప్పించుకునే దారి లేదు, మార్షల్ ఎవరి వెంటా పరుగెత్తాల్సిన అవసరం లేదు. భయం సిద్ధాంతం నిజమైతే ఈపాటికి ప్రతి డాబా మీదా పైపు, ప్రతి ఆవరణలో గుంత ఉండాలి. జరిగిందేమిటి? కావేరీ నీళ్ల బిల్లు అసలే తక్కువ; దాని మీద యాభై శాతం కలిపినా పైపులు వేసి గుంత తవ్వించే ఖర్చుతో పోలిస్తే చిల్లర. వేల ఇళ్లు నెలనెలా కిక్కురుమనకుండా జరిమానా కడుతూ కూర్చున్నాయి, బోర్డుకు కోట్లలో ఆదాయం వచ్చింది. తప్పు మాన్పించడానికి పెట్టిన రుసుము చివరికి తప్పు చేయడానికి లైసెన్సు అయి కూర్చుంది. ఇందులో బోర్డుకూ నష్టం లేదు, యజమానికీ నష్టం లేదు; నష్టపోయింది ఇంకని భూగర్భ జలం ఒక్కటే.

ఇక సింగపూర్. చెత్త పారేసినవాళ్లచేత రంగు చొక్కా తొడిగించి వీధులు ఊడిపించే శిక్ష అక్కడ 1992 నుంచి ఉంది, కాదనను. కానీ ఆ దేశంలో పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ఉండేది ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలో. వాటి లిఫ్టులూ వరండాలూ పైకప్పులూ చూసుకోవడానికి టౌన్ కౌన్సిళ్లు ఉన్నాయి. ప్రతి ఇల్లూ నెలనెలా నిర్వహణ రుసుము కడుతుంది, కౌన్సిల్ ఆ డబ్బుతో పని చేయిస్తుంది, కొన్నేళ్లకోసారి రంగులు వేయిస్తుంది. కౌన్సిల్‌ను నడిపేది ఓట్లేసి గెలిపించుకున్న ఎంపీలు. మనవాళ్లు అక్కడికి విమానంలో వెళ్లి ఫైన్ బోర్డు ఫొటో తీసుకుని వస్తారు. నిర్వహణ రుసుము రసీదు వాళ్ల కంటబడదు. బెంగళూరులో 2020 సెప్టెంబరులో కార్పొరేటర్ల పదవీకాలం ముగిసింది. చెత్త పండుగ జరిగేనాటికి ఐదేళ్లు దాటిపోయాయి, వాళ్ల స్థానంలో మరొకరు రాలేదు. ఈలోగా నగర పాలక సంస్థ బీబీఎంపీ పోయింది, 2025 సెప్టెంబరులో దాని స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. బోర్డులు మారాయి గానీ పక్క సైటులో పాము కనిపిస్తే ఫోను ఎత్తాల్సిన వార్డు మనిషి మాత్రం రాలేదు.

హైడ్రా లాంటిది పెడితే సరి అనేవాళ్లకు ఒక్క మాట. హైదరాబాద్‌లో ఆక్రమణలు కూల్చే ఈ సంస్థ 2024 జులైలో వచ్చింది. సెలవు రోజుల్లో కూల్చివేతలేమిటని ఆ సెప్టెంబరులోనే తెలంగాణ హైకోర్టు అధికారులను నిలదీసింది. నవంబరులో సుప్రీంకోర్టు దేశం మొత్తానికీ చెప్పింది: రోడ్లు, చెరువుల లాంటి ప్రజా స్థలాల ఆక్రమణలు వదిలేస్తే, 15 రోజుల నోటీసు ఇవ్వకుండా కూల్చడానికి వీల్లేదు. పైగా బుల్డోజర్ గోడ పడగొడుతుంది. మురుగుకాలువలో పూడిక తీయదు, పగిలిన సన్‌షేడ్ అతకదు. నిర్వహణకూ దానికీ సంబంధమే లేదు.

"అద్దెకొచ్చిన బయటివాళ్లే పాడు చేస్తున్నారు" అన్న మాట మనం వింటూనే ఉన్నాం, ఆ 'బయటివాళ్ల'లో మనమూ ఉన్నాం కాబట్టి కాస్త గట్టిగానే వింటాం. తమాషా ఏమిటంటే, పదేళ్ల కిందట బస్సు దిగిన మనవాళ్లు ఇవాళ సొంత ఫ్లాటు కొనుక్కుని నిన్న వచ్చినవాళ్ల గురించి అదే మాట అంటున్నారు. అద్దెవాడికి గోడకు మేకు కొట్టే హక్కు లేదు. అడ్వాన్సులోంచి పెయింటింగ్ పేరిట నెల అద్దె కోసుకుంటారు. బీటీఎం లేఅవుట్ పీజీలో గదికి నలుగురిని కుక్కింది, కిటికీ మూసి ఇంకో గది లేపింది యజమాని. మనిషికి కనీసం 70 చదరపు అడుగుల చోటు, రోజుకు 135 లీటర్ల నీళ్లు ఉండాలని 2024 ఆగస్టులో పీజీలకు బీబీఎంపీయే మార్గదర్శకాలు ఇచ్చింది. అవి అమలైతే సగం పీజీల ముందు చెత్త కుప్పలు వాటంతటవే చిన్నవవుతాయి. అక్కడ మాత్రం కెమెరా పట్టుకున్న మార్షల్ కనపడడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

యజమానుల జోలికి నగరం ఎందుకు పోదు? అసలు పేచీ ఇక్కడుంది. బెంగళూరులో లక్షల ఇళ్లు ఏదో ఒక చోట నిబంధన తప్పినవే. బీ ఖాతా అనే వింత ఏర్పాటుంది: కాగితం మీద ఇల్లు సక్రమం కాదు, పన్ను మాత్రం సక్రమంగా కట్టాలి. అతిక్రమణలను రుసుము కట్టించుకుని సరిచేద్దామన్న అక్రమ-సక్రమ పథకం 2017లో సుప్రీంకోర్టు స్టేతో ఆగిపోయింది. దాంతో యజమాని ఎప్పటికీ సగం దొంగే, ఇంజినీరు ఎప్పటికీ సగం న్యాయమూర్తే. పక్కింటివాడి పిట్టగోడ ఊగుతోందని మీరు ఫిర్యాదు చేయాలనుకోండి. వచ్చిన ఇంజినీరు టేపు తీసి మీ సెట్‌బ్యాక్ కూడా కొలుస్తాడు. మీ మెట్లు రెండడుగులు ముందుకొచ్చి ఉంటాయి. అందుకే ఎవరూ నోరెత్తరు. వీధి వీధంతా ఒకరి తప్పు ఒకరు కాపాడుకుంటూ బతుకుతుంది. ఈ మౌనాన్ని జనానికి బాధ్యత లేకపోవడమని తీర్పు చెప్పేవాళ్లు ఒక్కసారి సొంత ఇంటి ప్లాను తీసి చూసుకోవాలి.

ఈ ముడి విప్పడానికి కొత్త జరిమానా అక్కర్లేదు. నోటీసు ఇచ్చి, గడువు దాటితే కార్పొరేషనే పని చేయించి, ఖర్చు యజమాని దగ్గర రాబట్టే అధికారం మునిసిపల్ చట్టాలకు కొత్త కాదు. ఇదివరకు యజమాని ఎవరో తెలియదనేవారు. ఇప్పుడు ఆ సాకూ లేదు: 2024లో ఈ-ఖాతా తెచ్చి 20 లక్షలకు పైగా ఆస్తుల వివరాలు కంప్యూటర్‌కెక్కించారు. చెత్త రుసుము ఇంటి విస్తీర్ణాన్ని బట్టి నెలకు 10 నుంచి 400 రూపాయలని లెక్కగట్టి, 2025 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నుతో కలిపి వసూలు చేయడం మొదలెట్టారు. అది చేతనైనవాళ్లకు, సైటు శుభ్రం చేయించిన కూలి అదే బిల్లులో వేయడం చేతకాదా? జరిమానా కడితే సైటు సైటులాగే ఉంటుంది. పని చేయించి బిల్లు వేస్తే సైటు శుభ్రమవుతుంది, కట్టకపోతే అమ్ముకునే రోజున బాకీ ఎదురొస్తుంది. ఈ పద్ధతిలో వీడియో ఉండదు, పండుగ ఉండదు. అందుకే కాబోలు ఎవరికీ పట్టదు.

ఇదే కొలత ప్రభుత్వ స్థలాలకూ వర్తించాలి. సర్కారు సైటులో దోమలు పెరిగితే ఆ 2,000 ఎవరు కడతారు, ఎవరికి కడతారు? కనీసం వార్డువారీగా సర్కారు ఖాళీ స్థలాల జాబితా పెట్టి, ఏది ఎప్పుడు శుభ్రం చేశారో తేదీ రాసినా చాలు, అప్పుడు పౌరుడి మీద వేలెత్తడానికి కాస్త మొహం ఉంటుంది.

చెత్త కంపు కొడుతుంది కాబట్టి వార్తవుతుంది. బీటలు వారిన ఇల్లు కంపు కొట్టదు. 2019లో బీబీఎంపీ సర్వే చేసి 185 శిథిల భవనాలను గుర్తించింది. 2021 సెప్టెంబరులో లక్కసంద్రలో మూడంతస్తుల ఇల్లు పట్టపగలు కుప్పకూలింది. అందులో అద్దెకుంటున్న మెట్రో కార్మికులు ముందే బయటపడ్డారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. అప్పుడు పాత జాబితా తీసి చూస్తే కూల్చినవి పదో పరకో. 2024 అక్టోబరులో బాబుసాపాళ్యలో అక్రమంగా లేస్తున్న బహుళ అంతస్తుల భవనం కూలి కూలీలు చనిపోయారు. అంతస్తు మీద అంతస్తు లేవడం సంచి విసిరినట్టు క్షణంలో అయ్యేది కాదు, నెలల తరబడి అందరి కళ్లెదుటా జరిగేది.

శిథిల భవనానికి నోటీసు ఇవాళ్టికీ యజమాని పేరిటే వెళ్తుంది. యజమాని దాన్ని మడిచి బీరువాలో పెట్టుకుని పైవాటా మరొకరికి అద్దెకిస్తాడు. ఆ నోటీసు నకలు ఒకటి కన్నడంలో, తెలుగులో, హిందీలో వీధి తలుపుకు అంటించి, కింద ఇంజినీరు పేరు, ఫోను నంబరు, మళ్లీ తనిఖీకి వచ్చే తేదీ రాయమనండి. గుమ్మం దాకా బండెడు చెత్త మోసుకెళ్లగలిగిన నగరానికి ఒక్క కాగితం మోయడం బరువు కాకూడదు.