కోలుకున్నవారికి కొలువు

మిరప చేనుకు తెగులొస్తే ఊరంతా గట్టు మీద చేరుతుంది. ఆకు తుంచి చూసేవాడొకడు, మందు పేరు చెప్పేవాడొకడు, నిరుడు తన చేలో ఇదే వచ్చిందని ధైర్యం చెప్పేవాడొకడు. అదే మనిషి మనసుకు తెగులొస్తే మాత్రం ఇంటి తలుపులు మూసుకుంటాయి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు అని సామెత చెప్పుకుని నవ్వుకున్న జాతి మనది. ఆ నవ్వు వెనక ఎన్ని కుటుంబాలు నోరు మూసుకుని కుమిలిపోతున్నాయో ఎవరైనా ఆలోచించారా?

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప రైతుకు ఈ బాధ కొత్తది కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు పురుగును చంపని మందు రైతును చంపింది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను పీల్చేసింది. సొంత పొలం ఉన్నవాడే కుదేలైతే, ముందే కౌలు కట్టి, వడ్డీకి తెచ్చి పెట్టుబడి పెట్టిన కౌలు రైతు సంగతి చెప్పనే అక్కర్లేదు. అప్పుకు, గిట్టుబాటు ధరకు, కల్తీ విత్తనానికి పరిష్కారం ప్రభుత్వ విధానంలో ఉంది. ఓదార్పు మాటలతో బాకీ తీరదు. కాని బాకీ తీరేదాకా మనిషి బతికుండాలి కదా!

మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలైంది. జిల్లా కార్యక్రమం 1996లో వచ్చింది. అయినా బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్టు తేలింది. దిగులు, ఆందోళన వంటి సామాన్య రుగ్మతలున్నవారిలో సుమారు 85 శాతానికి వైద్యమే అందడం లేదని కూడా తేలింది. ఆ పన్నెండింటిలో మన రాష్ట్రం లేదు. అంతమాత్రాన మన పల్లెలు బాగున్నాయని ఎవరంటారు?

డాక్టర్లు పెరగాలి, నిజమే. కాని డాక్టరు దగ్గరికి వెళ్ళినవాడు కూడా మధ్యలో ఎందుకు ఆగిపోతున్నాడు? మా బంధువు ఒకాయన తామర పురుగు ఏడాది తర్వాత అన్నం మానేశాడు, నిద్ర మానేశాడు. గుంటూరు తీసుకెళ్తే మాత్రలు రాశారు. పదిరోజులు వేసుకుని, నోరెండిపోతోంది, మత్తుగా ఉంది, గుణం లేదు, ఇవి పిచ్చి మాత్రలని పారేశాడు. ఇంట్లో చదువుకున్నవాళ్ళం ఎన్ని చెప్పినా వినలేదు. చివరికి పక్క ఊరి పెద్దాయన ఒకరు వచ్చి కూర్చున్నాడు. ఆయనకూ ఒకప్పుడు ఇదే జబ్బు. "ఒరేయ్ అబ్బాయ్, నాకూ నోరెండింది. మూడోవారం దాకా గుణం కనపడలేదు. తర్వాత నిద్ర పట్టింది. ఈసారి డాక్టరు దగ్గరికి నేనూ వస్తా, పద" అన్నాడు. దిగులుకిచ్చే మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని పుస్తకాల్లో ఉంది. ఆ మాట మేమూ చెప్పాం. కాని అనుభవించినవాడి నోట వింటేనే అది ఎక్కింది.

ఆ పెద్దాయన చేసిన పనికి ఈ రోజు ప్రపంచంలో ఒక ఉద్యోగం పేరుంది. పీర్ స్పెషలిస్టు అంటారు. మనం తోటి సహాయకుడు అందాం. మానసిక వ్యాధి నుంచో, తాగుడు నుంచో కోలుకుని, తర్ఫీదు పొంది, అదే దారిలో నడుస్తున్నవారికి తోడుండేవాడన్నమాట.

ఇది నిన్న మొన్న పుట్టిన ఊహ కాదు. 18వ శతాబ్దం చివర పారిస్‌లోని బిసేత్ర్ ఆసుపత్రిలో పుస్సిన్ అనే పర్యవేక్షకుడు, తానే ఒకప్పుడు అక్కడ గండమాల రోగిగా చేరినవాడు, కోలుకున్న రోగులనే పరిచారకులుగా పెట్టుకున్నాడు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడై మానుకోవడంతోనే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. అదే దేశంలో జార్జియా రాష్ట్రం 1999లో ఈ పనికి ప్రభుత్వ వైద్య పథకం నుంచి డబ్బు చెల్లించే ఏర్పాటు చేసింది.

మన దేశంలోనూ ప్రయత్నాలు లేకపోలేదు. గుజరాత్‌లో ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో కోలుకున్నవారిని రోగులకు తోడుగా పెట్టి చూశారు. అక్కడే మెహసాణా జిల్లాలో "ఆత్మీయత" పేరుతో ఊరివారికే తర్ఫీదిచ్చారు. మన పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు మానసిక బాధలను గుర్తించి వైద్యులకు చూపించే పద్ధతిని పరీక్షించారు. మంచిదే. కాని ఆశా కార్యకర్త నెత్తిన ఇప్పటికే బాలింతల నుంచి టీకాల దాకా ఉన్నాయి. పైగా "నేనూ పడ్డాను, లేచాను" అని చెప్పే హక్కు కోలుకున్నవాడికే ఉంది.

దీనికి అభ్యంతరాలు చెప్పేవారున్నారు. వాడికే మళ్ళీ జబ్బు తిరగబెడితే? తిరగబెట్టవచ్చు. షుగరున్న డాక్టరు సెలవు పెట్టి వైద్యం చేయించుకోవడం లేదా? ఇతనికీ సెలవుండాలి, పైన ఒక అనుభవజ్ఞుడి అండ ఉండాలి. వైద్యం తెలియనివాడు మందులు మార్పిస్తే? మార్పించరాదు. డాక్టరు స్థానంలో కాదు, డాక్టరు పక్కన ఉండవలసినవాడు అతను. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే, ఒంటరిగా వదలకుండా, ఇంట్లో పురుగుమందు డబ్బా తీయించి, ఆసుపత్రికి చేర్చడం అతను నేర్వవలసిన మొదటి పాఠం. రెండోది, విన్న మాట రచ్చబండకు ఎక్కకూడదు. పల్లెలో గుట్టు పోతే పిల్ల పెళ్ళి ఆగిపోతుంది.

ఇంకో మాట. మిరపకోతలకొచ్చే కూలి ఆడవాళ్ళు మోతుబరి ముందు మనసు విప్పుతారా? విప్పరు. కూలివారిలోంచి కూలివారు, ఆడవారిలోంచి ఆడవారు ఈ పనిలోకి రావాలి.

అన్నిటికన్నా ముఖ్యం, దీన్ని సేవ పేరుతో ఊరికే చేయించుకోకూడదు. బాధపడినవాడి అనుభవం కూడా ఒక చదువే. దానికి తర్ఫీదు, సర్టిఫికెట్టు, నెల జీతం ఉండాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కనీసం ఒకరుండాలి. జబ్బు చేసినవాడిని పనిలోకి ఎవరూ తీసుకోని ఊళ్ళో, ఆ జబ్బే అర్హతగా ఒక కొలువు దొరికితే అది అతనికీ మందే, చూసేవారికీ పాఠమే.

చట్టం కూడా దారి చూపింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి సమాజంలో అందరి మధ్య బతికే హక్కునిచ్చింది. ఆత్మహత్యకు యత్నించినవాడు, వేరుగా రుజువైతే తప్ప, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించరాదు అన్నది. 2022లో టెలి మానస్ ఫోను 14416 మొదలైంది. ఫోను మంచిదే గాని, ఫోను చేయమని భుజం మీద చెయ్యేసి చెప్పే మనిషి కావాలి.

మిత్రులారా, మనలో ఎక్కువమందిమి పత్తి, మిరప డబ్బుతో ఫీజులు కట్టి ఇక్కడికి వచ్చినవాళ్ళం. రేపు మన వార్షికోత్సవ వేదికపైకి మంత్రుల్ని, సినిమా వారిని పిలుస్తాం. వారి పక్కన ఒక కుర్చీ వేసి, మనసు జబ్బు నుంచి కోలుకుని, చెప్పడానికి ఇష్టపడే ఒక రైతును కూర్చోబెడదామా? హాస్టలు నోటీసు బోర్డు మీద సినిమా పోస్టరు పక్కన 14416 అంటిద్దామా? యూనియన్‌కు ఇవి పైసా ఖర్చు లేని పనులు. జీతమిచ్చే కొలువుల కోసం ప్రభుత్వాన్ని అడగడం ఆ తర్వాతి పని. అదీ మనమే అడగాలి.