ఏరు దాటిన పిదప తెప్ప

ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లను సామెత తెలుగువారి యిండ్లలో తరచుగ వినబడుచుండును. అక్కరకు అప్పు గొని పిదప ముఖము చాటువేయువానిని, ఓట్లు పడినంతనే ఊరివైపు చూడనివానిని మనము ఆ మాటతోనే దెప్పుచుందుము. కాని ఒక ప్రాంతము మరియొక ప్రాంతమునకు, ఒక జాతి తన పొరుగుజాతికి ఇదే పని చేసినపుడు మాత్రము మన నాలుకకు ఆ సామెత రాదు. రాజనీతి యందుము; అధికసంఖ్యాకుల తీర్పు అందుము; కాలము మారినది అందుము. పేరేదైనను కాలినది తెప్పయే.

2014 జూన్ 2వ తేదీన ఆంధ్రప్రదేశము రెండు రాష్ట్రములైనది. నాటినుండి ఇరుగుపొరుగుల నడుమ తగవులు తెగలేదు. ఉమ్మడి సంస్థల పంపకము పదేండ్లు గడచిన 2024 నాటికిని పూర్తి కాలేదు. కృష్ణాజలములలో ఉమ్మడి రాష్ట్రమునకు చెందిన 811 టి.ఎం.సి.లను 2015లో తాత్కాలికముగ ఆంధ్రకు 512, తెలంగాణమునకు 299 చొప్పున పంచిరి. ఆ పంపకము మీదను వివాదమే. 2023 నవంబరు 30న, తెలంగాణములో శాసనసభకు ఓట్లు పడు నాటి వేకువకు ముందే, ఆంధ్ర పోలీసులు నాగార్జునసాగరము ఆనకట్టపైకి వచ్చి కంచె వేసి నిలిచిరి. తరువాత కేంద్రబలగములు ఆ కట్టకు కావలి కాయవలసివచ్చెను. ఒకే భాష మాటలాడువారి నడుమ, ఒకే యూనియనులోని రెండు రాష్ట్రముల నడుమ, నీటికడ ముండ్లకంచె!

ఈ దుస్థితిని గూర్చి చదువుకొన్నవారి గృహములలో రెండు వాదములు వినవచ్చుచున్నవి. ప్రజల నడుగక చీల్చిరి కావున ఈ పగ పుట్టినది, అడిగియుండిన పుట్టెడిది కాదు, అని కొందరు. అయినదేదో అయినది, ఎక్కువమంది పట్టు నెగ్గినది, తక్కువవారిక నోరు మూసికొని యుండవలెను, అని మరికొందరు. ఈ రెండు వాదములును మూలరోగమును చూడకయే మందు వ్రాయుచున్నవని మేము చెప్పుచున్నాము.

మొదటి వాదములో కొంత సత్యము లేకపోలేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ శాసనసభ మూజువాణి ఓటుతో త్రోసిపుచ్చిన బిల్లునే ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి, ప్రసారము నిలిచిపోయిన వేళ ఆమోదించినది. రాజ్యాంగము మూడవ అధికరణము ప్రకారము శాసనసభ అభిప్రాయము అడిగిన చాలును, సమ్మతి అక్కరలేదు. విధి యట్లున్నను అది పెద్దరికమునకు శోభ గాదు. అయినను, ప్రజలను సాక్షాత్తుగ అడిగినచోట నేమి జరిగినదో చూడుడు.

ఆ సంవత్సరముననే సెప్టెంబరు 18న స్కాట్లండులో జనవాక్యము సేకరించిరి. 1707 నుండి ఇంగ్లండుతో ఒక్క రాజ్యముగ నున్న ఆ దేశము ఇక విడిపోవలెనా వలదా యని ఆ దేశస్థులనే అడిగిరి. నూటికి 84 మందికి పైగా ఓటు వేసిరి. వలదన్నవారు నూటికి 55.3, వలెనన్నవారు 44.7. ఇంతకంటె స్పష్టముగ నడుగుట యెట్లు? కాని ఓటింగునకు రెండు దినములు ముందుగ, గెలుపు సందేహమై తోచినపుడు, బ్రిటనులోని మూడు పెద్దపక్షముల నాయకులును సంతకములు చేసి, కలిసియుండినచో స్కాట్లండు శాసనసభకు మరిన్ని అధికారము లిత్తుమని పత్రికాముఖమున ప్రతిజ్ఞ చేసియుండిరి. ఫలితము తెలిసిన ఉదయముననే ప్రధానమంత్రి కామెరాను, ఇంగ్లండునకు సంబంధించిన శాసనములకు ఇంగ్లండు సభ్యులే ఓటు వేయవలెనను తమ పక్షపు కోరికను దాని సరసన చేర్చెను. 2016లో వచ్చిన చట్టము కొన్ని అధికారములను ఇచ్చినమాట నిజమే. కాని ఆ ఉదయమున విరిగిన మనసు చట్టముతో అతుకలేదు. ఓడిన వాదము పక్షమే 2015 మేలో స్కాట్లండులోని 59 స్థానములలో 56 గెలుచుకొనెను. 2016 జూన్‌లో ఐరోపా సమాఖ్యను వీడుట కొరకు మరల ఓట్లు వేయగా, స్కాట్లండులో నూటికి 62 మంది వీడవలదనిరి. రాజ్యమంతట కలిపి 51.9 మంది వీడవలెననిరి. స్కాట్లండు తాను వలదన్న త్రోవనే నడువవలసివచ్చెను. మరల మమ్ము అడుగుడని కోరగా, లండను పార్లమెంటు సమ్మతి లేక అట్లు అడుగరాదని 2022 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను.

దీనినిబట్టి తేలునదేమి? ఓటు సంఖ్యను చెప్పును, సఖ్యమును కూర్పదు. సఖ్యము కూర్చునది గెలిచినవారి మరునాటి నడవడి. కలిసినను, విడిపోయినను, పొరుగువాడు పొరుగువాడుగనే యుండును. వానికి గెలుపునకు ముందు మన మిచ్చిన మాటను గెలుపు పిదప ఏమి చేసితిమన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నకు రెండవ వాదమువారు సమాధానము చెప్పజాలరు. నోరు మూసికొనుమని చెప్పుటకు ముందు, ఆ నోటికి మన మేమి చెప్పి ఒప్పించితిమో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

మన చరిత్రయే చూతము. ఆంధ్రరాష్ట్ర మేర్పడినచో సంఖ్యయందును విద్యయందును అధికులైన సర్కారు జిల్లాలవారు తమ్ము మ్రింగివేయుదురని రాయలసీమవారికి భయముండెను. ఆ భయమును తీర్చుటకై 1937 నవంబరు 16న చెన్నపట్టణమున, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగు గృహమున ఒడంబడిక జరిగినది. కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు ఒకవైపు, కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావుగార్లు మరియొకవైపు, తమతమ సహచరులతో గూడి అంగీకరించిన షరతులివి: విశ్వవిద్యాలయమునకు వాల్తేరునందును అనంతపురమునందును కేంద్రములుండవలెను, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటి వినియోగమున పదియేండ్లు లేక అంతకు మించి సీమకును నెల్లూరికిని ప్రథమస్థాన మీయవలెను, రాజధానియు హైకోర్టును వేరువేరు చోట్ల నుండవలెను, ఆ రెండింటిలో ఏది వలయునో సీమ కోరుకొనవచ్చును. ఈ మాట నమ్మియే సీమ ఆంధ్రోద్యమమున చేయి కలిపినది. పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణ పిదప, 1953 అక్టోబరు 1న రాష్ట్రము వచ్చినది. ఏరు దాటినారు.

తెప్ప గతి యేమైనది? కర్నూలు రాజధాని యైనది, మూడేండ్లకే హైదరాబాదు చేరినది. రాష్ట్ర మేర్పడిన రెండేండ్లకు, 1955 డిసెంబరు 10న, కృష్ణపై శంకుస్థాపన పొందిన మహానిర్మాణము నాగార్జునసాగరము. దాని కాలువ లేవియు సీమకు రావు. అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లో వచ్చినది. ఒడంబడికకు నాలుగు దశాబ్దములు నిండిన పిదప. 2014 తరువాత మరల రాజధానిని నిర్ణయించు వేళ వచ్చినపుడు శ్రీబాగును తలచుకొనినవారు అరుదు. రాజధాని అమరావతి, 2019 జనవరి నుండి హైకోర్టును అక్కడనే.

ఇంతవరకు చదివి సీమవారు తలయూపుదురని మేమెరుగుదుము. ఇక తల దించవలసిన ఘట్టమును వినుడు. 1955లో రాష్ట్ర పునర్విభజన సంఘమువారు తెలంగాణమును కొంతకాలము వేరురాష్ట్రముగ నుంచి, 1961 ప్రాంతపు ఎన్నికల పిదప అచ్చటి శాసనసభలో మూడింట రెండువంతులవారు ఒప్పినచో ఆంధ్రతో కలుపవచ్చునని చెప్పిరి. ఆ నిరీక్షణయు లేదు, ఆ ఓటును లేదు. దానికి మారుగ 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందము జరిగినది. ముఖ్యమంత్రి ఆంధ్రప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి తెలంగాణమువా డగుట అందొక షరతు. దానిపై సంతకము చేసినవారిలో నీలం సంజీవరెడ్డిగా రొకరు. మన అనంతపురము జిల్లా ఇల్లూరు వారి జన్మస్థలము. 1956 నవంబరు 1న వారే ముఖ్యమంత్రులైరి. వారి తొలి మంత్రివర్గమున తెలంగాణపు ఉపముఖ్యమంత్రి లేడు. తడియారని సంతకము అది! శ్రీబాగున వంచితులమని వాపోవు సీమబిడ్డయే పదవి చేజిక్కగానే తనకంటె బలహీనుని యెడ అదే చేసెను. 1969లో తెలంగాణమున విద్యార్థులు వీధుల కెక్కినపుడు సీమలో నెందరికి శ్రీబాగు గుర్తు వచ్చినది? దెబ్బ తిన్నవానికి దెబ్బ నొప్పి తెలియుననుట వట్టిమాట. తన నొప్పియే వానికి తెలియును.

పెద్దమనుషుల మాట చట్టము గాదు గదా యని న్యాయవాదులు కొందరందురు. మంచిది, చట్టసభలో పలికిన మాటకైన విలువ యున్నదా? 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధానమంత్రి మన్మోహనసింగుగారు క్రొత్త ఆంధ్రకు అయిదేండ్లు ప్రత్యేకహోదా ఇత్తుమనిరి. అది రాలేదు. నాటి ప్రభుత్వమువారు చట్టమున వ్రాయలేదు. తరువాతి ప్రభుత్వమువారు ఇయ్యలేదు. ఇక కాలము మారినదను వాదము. కాలము మారిన, మాట ఇచ్చినవాడు మాట పుచ్చుకొన్నవాని యింటికి పోయి, ఇది నెరవేర్పలేకున్నాము, దీనికి బదులేమి కోరెదవని అడుగవలెను. అడుగకయే మానుకొనుట కాలమహిమ గాదు, బలమదము.

మాట విలువ కణేకల్లువారికి తెలిసినట్లు మరెవరికిని తెలియరాదు. 1953 వరకు ఈ ఊరు బళ్లారి జిల్లాలోనిది. రాయదుర్గము, ఆలూరు, ఆదవాని తాలూకాలను ఆంధ్రకు చేర్చి, మిశ్రాగారి విచారణ పిదప బళ్లారి తాలూకాను మైసూరున కిచ్చిరి. భాషనుబట్టి గీత గీసిరి. కాని ఇచ్చటి వీధులలో తెలుగును కన్నడమును నేటికిని కలిసియే నడచుచున్నవి. బళ్లారిలో ఆడపడుచులు, కణేకల్లులో పుట్టినిండ్లు గలవారెందరో! మన నీరును గీతకు అవతలనుండియే రావలెను. తుంగభద్ర ఎగువకాలువ, జనుల నోట హెచ్చెల్సీ, హోసపేట కడ బయలుదేరి సుమారు 105 కిలోమీటర్లు కర్ణాటకములో నడచి మన మేర చొచ్చును. దానిలో 32.5 టి.ఎం.సి.లు ఆంధ్రకు, 17.5 కర్ణాటకకు అని నిర్ణయము. ఆ అంకెలు కాగితముపై నున్నవి. నీరు పొరుగువాని పొలముల నడుమ నున్నది. చెరువు క్రింద నీరుగంటి వంతు తప్పినచో కడమడి యెట్లుండునో కాపువాని నడుగనక్కరలేదు. హగరి యిసుక గాలికి లేచి పొలములపై పడు ఈ మెట్టలో, వంతు మాటయే పంట.

మాట నిలిచినపుడేమగునో కూడ చూచితిమి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట పందొమ్మిదవ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయెను. ఆ నీరు కర్ణాటకకును, ఆంధ్రకును, రాజోలిబండ మీదుగ తెలంగాణమునకును జీవము. తెలుగువాడైన విశ్రాంత యింజనీరు కన్నయ్యనాయుడుగారు వృద్ధాప్యమున పోయి కట్టపై నిలిచి, పారునీటిలోనే అడ్డుపలకలు దింపు విధము చూపిరి. వారము తిరుగునంతలో గండి మూసిరి. ఆ రాత్రి కట్టపై ఎవరి వాటా యెంతయని కంచె వేసికొన్నవారు లేరు. నాగార్జునసాగరమునకును తుంగభద్రకును భేదము నీటిలో లేదు. ఉమ్మడి మండలి యొకటి యేడు దశాబ్దములుగ కూర్చుండి లెక్క చెప్పుచుండుటలో నున్నది. అచ్చటను తగవులు పుట్టకపోలేదు. పుట్టిన తగవునకు పోవలసిన చోటున్నది.

కావున మేము కోరునది గొప్పది కాదు. రాష్ట్రములు చేసికొన్న ప్రతి ఒడంబడికను షరతు షరతుగ చట్టమున నెక్కింపవలెను. నెరవేరినదేది, లేనిదేది యని ఏటేట శాసనసభలో లెక్క చెప్పవలెను. ఇది ప్రభుత్వము పని. గృహస్థుల పని వేరు. శ్రీబాగును, పెద్దమనుషుల ఒప్పందమును పక్కపక్కన పెట్టి మన బిడ్డలకు చెప్పవలెను. మనము మోసపోయిన కథ యొక్కటియే చెప్పి, మోసగించిన కథ దాచరాదు. పొరుగువారి యాసను వెక్కిరించు మాటలను భోజనపు పంక్తిలో సాగనీయరాదు. కంచెకు తొలి ముల్లు అక్కడనే మొలచును. ఓటడుగ వచ్చినవానిని మన జిల్లా కేమి తెచ్చెదవని మాత్రమే గాక, పొరుగువారికి మన పేర ఇచ్చిన మాట నేమి చేసితివనియు అడుగవలెను. ఆ ప్రశ్న వేసిన మొదటి యిల్లు మన కణేకల్లులో నుండవలెనని మా కోరిక. పొరుగువాని మాటపై పంట పండించుకొనువారు తమ మాట నిలుపుకొనుటలో వెనుకబడరాదు.