రెండవ సంతకము



మన బిడ్డలు అమెరికాకో ఇంగ్లండుకో బయలుదేరునప్పుడు ప్రార్థన చేసి పంపుతాము. సముద్రాలు దాటే విమానాలలో ఈనాడు చాలావాటికి ఉండేవి రెండే ఇంజన్లు. నడిసముద్రం మీద ఒకటి ఆగిపోతే ఎలా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. రెండు ఇంజన్ల విమానం ఎక్కడున్నా, ఒక్క ఇంజనుతో గంటలోగా చేరగల విమానాశ్రయం ఉండాలని 1953లో అమెరికా ప్రభుత్వం నియమం పెట్టింది. ఇంజన్లు మెరుగుపడిన కొద్దీ ఆ గడువును 1985లో రెండు గంటలకు, 1988లో మూడు గంటలకు పెంచారు. అయితే ఆ అనుమతి ఊరికే రాదు. విమానము, ఇంజను, దానిని నడిపే సంస్థ, అన్నీ తమ నమ్మకత్వాన్ని రుజువు చేసుకోవాలి.

ఆ నియమాలలో ఒకటి ఆలోచింపదగినది. ఒకే మెకానిక్కు ఒకే దఫాలో రెండు ఇంజన్లకూ ఒకే పని చేయకూడదు. తప్పనిసరైతే, అర్హత గల మరొకరు ఆ పనిని పరీక్షించాలి. ఒకరి పొరపాటు రెండింటికీ సోకకూడదని దీని భావము.

అలా సోకితే ఏమవుతుందో 1983 మే 5న లోకం చూసింది. మయామీ నుండి నసావుకు 172 మందితో బయలుదేరిన ఈస్టర్న్ సంస్థ విమానానికి మూడు ఇంజన్లు. ముందు రాత్రి మూడింటిలోనూ ఒక చిన్న భాగాన్ని మార్చారు. ఆయిలు కారకుండా ఆపే రబ్బరు రింగులు వాటికి లేవు. ఎవరూ చూడలేదు, పని పూర్తయినట్లు సంతకాలు మాత్రం పడ్డాయి. సముద్రంపై ఆయిలు కారిపోయి మూడు ఇంజన్లూ ఆగిపోయాయి. విమానం సుమారు నాలుగు వేల అడుగులకు దిగినప్పుడు ఒక ఇంజను తిరిగి అందుకున్నది. అందరూ ప్రాణాలతో మయామీ చేరారు.

మూడు ఇంజన్లున్నా, ఒకే అజాగ్రత్త మూడింటినీ ఆపింది!

యేసు ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరినిగా పంపెను. మనమైతే సంఘపు కానుకల లెక్క మరొకరు చూస్తామంటే, "నన్ను నమ్మరా?" అని నొచ్చుకుంటాము. ఇంటి ఖర్చు భార్య అడిగితే భర్తకు కోపం. మరొకరు సరిచూడడం అనుమానం కాదు; మనలను నమ్ముకున్న వారిపట్ల ప్రేమ. ప్రార్థన చేసేవాడు రింగు చూడడం మానకూడదు. రింగు చూసేవాడు ప్రార్థన మానకూడదు.

ఎవరూ చూడని చిన్న పనిలోనూ నమ్మకముగా ఉండుటకు, మన పనిని మరొకరు పరీక్షించినప్పుడు సంతోషముగా అంగీకరించుటకు ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక!