సింహాసనపు కారా, సవారీ కారా?

హైదరాబాదు విహారయాత్ర నుండి తిరిగి వచ్చిన విద్యార్థి మిత్రులు చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను గూర్చి మురిపెంగా చెప్పుకోవడం పరిపాటి. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం సొత్తయిన జాగ్వార్‌ను మాత్రం ఎవరూ ప్రస్తావించరు. పాత కార్లను సేకరించి కాపాడదలచినవారి దృష్టితో చూస్తే ఇది న్యాయం కాదని మా అభిప్రాయం.

రోల్స్‌రాయిస్ ఘనతను మేము కాదనము. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానికి ఆర్డరిచ్చి, అది చేరకమునుపే 1911 ఆగస్టులో కన్నుమూశారు. ఆయన కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ దానిని దర్బారు ఉత్సవాలకు వాడుకున్నారు. ఇది సిల్వర్ ఘోస్ట్ రకం. ఆనాడు కంపెనీ ఇంజనుతో కూడిన ఛాసిస్‌ను మాత్రమే ఇచ్చేది. పైబాడీని బార్కర్ సంస్థ కట్టింది. వెనుకభాగాన తఖ్తును పోలిన ఎత్తైన ఆసనమున్నది. ఆరు సిలిండర్ల ఇంజను ఏడు లీటర్లకు పైబడినది. 1911లో ఈ రకపు కారొకటి లండన్ నుండి ఎడింబరోకు టాప్ గేరులోనే పోయివచ్చింది! అయితే బ్రేకులు వెనుక చక్రాలకే. స్టార్టు చేయాలంటే హ్యాండిల్ తిప్పవలసిందే. మన పాతకాలపు లారీ డ్రైవర్లకు ఆ శ్రమ కొత్త కాదు.

జాగ్వార్ మార్క్ ఫైవ్ 1948లో వెలువడింది. 1951 వరకు పదివేలకు పైగా తయారైనవి. హైడ్రాలిక్ బ్రేకులు, ముందు చక్రాలకు వేటికవే కదిలే సస్పెన్షన్ ఆ కంపెనీ కార్లలో దీనితోనే మొదలైనవి. రాజు కూర్చున్నా, గుమాస్తా కూర్చున్నా ఒకే తీరున నడిచే బండి ఇది.

అరుదైనదే విలువైనదని కొందరు వాదిస్తారు. వేలంపాటలో అది నిజమే కావచ్చు. కాని కదలని బండిలో రబ్బరు బిరుసెక్కుతుంది, పెట్రోలు జిగురుకడుతుంది. వేలల్లో తయారైన బండికి విడిభాగాలు, పని తెలిసినవారు దొరికే అవకాశం ఎక్కువ. కనుక ఒక్కటే ఎంచుకొమ్మంటే మేము జాగ్వార్‌నే ఎంచుకుంటాము. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏండ్లు దాటి, అసలు రూపం చెడని బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేయించవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు నడపవచ్చు, నిత్యప్రయాణానికి కాదు.

ఈ చర్చ మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. ఒకనాడు సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాల రైతులు కట్టిన శిస్తు ఆ రాజ్యపు ఖజానాకే చేరింది. ఆ వైభవంలో మనవారి చెమట కూడా ఉన్నది. పైగా సూర్యాపేట, కోదాడ రహదారి షెడ్లలోను, మిర్యాలగూడ రైసుమిల్లుల లారీల కిందను జీవితం గడిపిన మిస్త్రీల చేతిపని ఏ పుస్తకానికీ ఎక్కలేదు. పాత ఇంజను చప్పుడును బట్టి జబ్బు చెప్పగల ఆ తరం తరిగిపోతున్నది. నేర్చుకునేవారేరీ?

కళాశాల కమిటీకి మా మనవి ఒక్కటే. వచ్చే యాత్రలో చౌమహల్లాతో పాటు పురానీ హవేలీకీ ఒక పూట కేటాయించండి. మన ఊళ్ళ మిస్త్రీ ఒకరిని వెంట తీసుకొనిపోయి, ఆ రెండు బండ్లనూ విద్యార్థులకు ఆయన చేతనే వివరింపజేయండి. ఆయన బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి కళాశాల నిధి నుండి చెల్లించడానికి కమిటీవారు వెనుకాడరని ఆశిస్తున్నాము.